బీపీ ఎంత ఉండాలి?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో బీపీ అనే మాటకు రెండు అర్థాలు. ఆస్పత్రిలో అది రక్తపోటు. ఇంజన్ ఎక్కాక బ్రేక్ పైపు. ఇంజన్ నుంచి చివరి వ్యాగన్ దాకా సాగే ఆ గొట్టంలో గాలి చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనంతో ఉండాలి. 56 వ్యాగన్ల దాకా ఉన్న గూడ్సు బండిలో చివరి బ్రేక్ వ్యాన్ గేజి కనీసం 4.8 చూపాలి. ఆ అంకె రానిదే బండి కదలదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ముల్లుమీద కన్నేసి బతికిన ఒక తెలుగు లోకో పైలట్‌ను నలభై అయిదో ఏట రెండో బీపీ భయపెట్టింది. డాక్టరు నడవమన్నాడు. మోకాళ్లు ఒప్పుకోలేదు. దాంతో అతను సైకిల్ కొన్నాడు. అలా మూడో పీడనం అతని జీవితంలోకి వచ్చింది.

బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. రైలు నడిపేవారికి కాదు. లోకో పైలట్లు నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్షకు హాజరు కావాలి. కన్ను, చెవి, గుండె, రక్తపోటు అన్నీ చూస్తారు. అందులో తప్పితే రన్నింగ్ డ్యూటీ పోతుంది. దాంతోపాటు నడిపిన కిలోమీటర్లను బట్టి వచ్చే అలవెన్సూ పోతుంది. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు ఆ డబ్బు మీదే లెక్కేసుకున్నవాళ్లు కాలనీలో ఎందరో. అందుకే ఆ సైకిల్ అతనికి సరదా కాదు, ఉద్యోగ రక్షణ.

రైల్వే కాలనీకి సైకిల్ కొత్తదేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలోనే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూలీలు, ఖలాసీలు, ఫిట్టర్లు ఈ లైన్ల మీద పనికి వచ్చారు. 1931లో పార్వతీపురం-రాయపూర్ లైను పూర్తయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి. కంపెనీ పోయి ప్రభుత్వం వచ్చింది. 1955లో ఆగ్నేయ రైల్వే, 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడ్డాయి. తెలుగు ఇళ్లు మాత్రం తరాలుగా ఇక్కడే ఉండిపోయాయి. ఆ రోజుల్లో అర్ధరాత్రి డ్రైవరు తలుపు తట్టి డ్యూటీ కబురు చెప్పే కాల్ బాయ్ వచ్చేది సైకిల్ మీదే. షెడ్డుకు వెళ్లేవాళ్లందరివీ నల్ల సైకిళ్లే, కడ్డీకి వేలాడే టిఫిన్ క్యారియరుతో. వాటి టైర్లలో గాలి ఎంతని ఎవరూ కొలవలేదు. బొటనవేలితో నొక్కి చూసేవారు. రబ్బరు వాల్ ట్యూబు తొడిగిన ఆ పాత వాల్వుకు గేజి పెట్టి కొలవడమూ అంత తేలిక కాదు.

కొత్త సైకిల్ సంగతి వేరు. సన్నటి 25 మిల్లీమీటర్ల టైరు, వంగిన హ్యాండిల్, సన్నటి ఫ్రెంచి వాల్వు. టైరు పక్కన అచ్చువేసిన అంకె: గరిష్ఠం 120 పీఎస్ఐ. చదరపు అంగుళానికి 120 పౌండ్లన్నమాట. అతను మీటరున్న పంపు కొని, ముల్లు 120 చేరేదాకా కొట్టాడు. గేజిని నమ్మే వృత్తి కదా. పైగా అతని వాదనకు తిరుగులేదు. రైలు అంత తేలిగ్గా ఎందుకు దొర్లుతుంది? ఇనుప పట్టాలపై ఇనుప చక్రం కనుక. రెండూ నలగవు. చక్రం పట్టాను తాకే చోటు చిన్న నాణెమంత. అందుకే ఒక్కసారి వేగం అందుకున్నాక వేల టన్నుల బొగ్గు బండి కూడా సాఫీగా సాగిపోతుంది. ఆ లెక్కన టైరు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

రతన్‌పూర్ మహామాయ గుడి దాకా పాతిక కిలోమీటర్లు. నాలుగైదుసార్లు వెళ్లివచ్చేసరికి అతని అరచేతుల్లో తిమ్మిరి మొదలైంది. ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారాయి. కంట్రోలర్ హ్యాండిల్ పట్టుకునే చేతులవి. ఒకరోజు వానలో లెవెల్ క్రాసింగ్ దాటుతుంటే తడిసిన పట్టా మీద ముందు చక్రం పక్కకు జారింది. పడలేదు గానీ గుండె ఝల్లుమంది. చెయ్యి విరిగితే బీపీ మందులకన్నా ముందే ఉద్యోగం చిక్కులో పడేది.

వాకిట్లో సైకిల్ తుడుస్తుంటే పక్క క్వార్టరుకు కొడుకును చూడవచ్చిన రిటైర్డు ఫిట్టరు ఒకాయన టైరు నొక్కి చూశాడు. వేలు దిగలేదు.

"ఏటిరా అల్లుడూ, ఇనప సక్రం సేసీసేవేటి?"

"కంపెనీవోడే నూట ఇరవై అని రాసాడు మావా."

"ఆడు రాసింది అంతకన్నా ఎక్కువ కొట్టొద్దని. అంత కొట్టమని కాదు. బాయిలరు మీదా రాసుంటాది. అలాగని రోజూ అక్కడిదాకా తెస్తావేటి?"

ఆ ముసలాయన ఒక్క ముక్కలో చెప్పిందాన్ని సైకిల్ ప్రపంచం ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. టైరు దొర్లేటప్పుడు ఎంత శక్తి వృథా అవుతుందో చాలాకాలం పాటు నున్నటి ఉక్కు డ్రమ్ము మీదే కొలిచారు. డ్రమ్ము మీద పీడనం పెంచినకొద్దీ నష్టం తగ్గుతూనే వచ్చింది. దాంతో పోటీ సైకిళ్లకు 23 మిల్లీమీటర్ల టైరు, అందులో 110, 120 పీఎస్ఐ అన్నది వేదవాక్కయింది. రోడ్డు డ్రమ్ము కాదన్న సంగతి ఎవరికీ తట్టలేదని కాదు. తట్టినా కొలిచినవారు తక్కువ. 2000ల మధ్యలో అమెరికాలో జాన్ హైన్ నడిపిన 'బైసికిల్ క్వార్టర్లీ' పత్రిక అసలు రోడ్డు మీద, మనిషి ఎక్కిన సైకిల్‌తో పరీక్షలు మొదలుపెట్టింది. తర్వాత టామ్ ఆన్‌హాల్ట్, జాష్ పోర్ట్నర్ వంటివారు మరింత లోతుకు వెళ్లారు. తేలిందేమిటంటే, పీడనం పెరిగేకొద్దీ నష్టం ఒక హద్దు దాకా తగ్గుతుంది. ఆ తర్వాత పెరుగుతుంది. రోడ్డు ఎంత గరుకైతే ఆ హద్దు అంత ముందే వస్తుంది.

కారణం మనిషి ఒళ్లే. గట్టి టైరు గులకరాయిని తనలో ఇముడ్చుకోదు, సైకిల్‌నూ మనిషినీ పైకి ఎత్తేస్తుంది. ఆ కుదుపు తొడల్లో, పొట్టలో, భుజాల్లో కదలికగా మారి వేడిగా పోతుంది. ఆ శక్తి ఎక్కడిది? తొక్కేవాడి కాళ్లదే. విచిత్రమేమంటే, గజగజలాడే సైకిల్ వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది. మెత్తటిది నెమ్మదిగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇక్కడ నమ్మదగింది గడియారమే, పిరుదులు కాదు.

నిజానికి గాలి టైరు పుట్టిందే కుదుపు తగ్గించడానికి. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు అమర్చాడు. స్కాట్లండ్ వాడు రాబర్ట్ థామ్సన్ 1845లోనే పేటెంటు తీసుకున్నా అది నిలదొక్కుకోలేదు. 1889లో విల్లీ హ్యూమ్ అనే రేసర్ బెల్‌ఫాస్ట్ పోటీల్లో డన్‌లప్ టైర్లతో దిగి, గట్టి రబ్బరు టైర్ల వాళ్లను ఓడించాడు. మెత్తదనమే వేగమని అప్పుడే రుజువైంది. ఆ తర్వాత వందేళ్లపాటు ఆ మెత్తదనాన్ని పోగొట్టడానికే పంపులు కొట్టారనుకోవాలి. ఫ్రాన్స్‌లో రాళ్లు పరిచిన దారుల మీద జరిగే పారిస్-రూబే పందెం వాళ్లు మాత్రం ఎప్పుడూ గాలి తగ్గించే తొక్కారు. ఏ జట్టు ఎంత గాలి పెట్టిందన్నది ఇప్పటికీ అక్కడ రహస్యమే.

మరి ఎంత పెట్టాలి? అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ బెర్టో ఒక కొలత చెప్పాడు. మనిషి ఎక్కాక టైరు తన ఎత్తులో 15 శాతం కుంగాలి. 28 మిల్లీమీటర్ల టైరయితే దాదాపు 4 మిల్లీమీటర్లు. లోకో పైలట్ బరువు 72 కిలోలు. సైకిల్, నీళ్లు, పంపు, బూట్లు కలిపి మొత్తం 84. అందులో వెనక చక్రం మీద 48, ముందు 36 పడుతుందనుకుంటే 25 మిల్లీమీటర్ల టైరుకు బెర్టో లెక్క ప్రకారం వెనక 94, ముందు 69 పీఎస్ఐ రావాలి. రెండు చక్రాలకూ ఒకే గాలి కొట్టడం ఎంత తప్పో ఈ లెక్కలోనే ఉంది. ముందు చక్రం మీద బరువు తక్కువ. పైగా మలుపులో, వానలో పట్టు దానిదే.

అయితే బెర్టో లెక్క మొదటి మెట్టు మాత్రమే. అతను పాత డ్యూటీ డైరీలో గడులు గీశాడు. ఒకే దారి, ఒకే పంపు, వెనక 94 నుంచి మొదలుపెట్టి వారానికి 4 చొప్పున తగ్గించుకుంటూ పోయాడు. పంపుల మీటర్లు ఒకదానితో ఒకటి అయిదారు పీఎస్ఐ తేడా చూపడం మామూలే. కాబట్టి అంకె నిజమా కాదా అన్నదానికన్నా రోజూ అదే మీటరు వాడటం ముఖ్యం. 86 దగ్గర చేతుల తిమ్మిరి తగ్గింది. 74 దగ్గర ఒక గుంతలో రిమ్ము ఠంగుమంది. ట్యూబుకు పక్కపక్కనే రెండు కన్నాలు, పాము కాటులా. గాలి మరీ తగ్గితే గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పడే పంక్చరిది. బొగ్గు లారీలు తిరిగి అంచులు చిట్లిన రోడ్లున్న ఊళ్లో దీన్ని మరవకూడదు. అంటే అతని సన్న టైరుకు పైన కుదుపు, కింద పంక్చర్. మధ్యలో మిగిలిన చోటు చాలా ఇరుకు.

దానికి మందు పంపులో లేదు, టైరులోనే ఉంది. టైరు లావయ్యేకొద్దీ తక్కువ గాలితోనే అంత బరువూ మోస్తుంది. రిమ్ముకూ గుంతకూ మధ్య ఎడమూ పెరుగుతుంది. పోటీల వాళ్లు కూడా 23 నుంచి 25కు, అక్కణ్నుంచి 28కి, కొందరు 30కి మారారు. అతని సైకిల్ ఫోర్కులో 28 పట్టింది. కొత్త టైర్లు వేశాక కొన్ని వారాల ప్రయోగంలో తేలిన అంకెలు: వెనక 71, ముందు 62. పీఎస్ఐని కిలోల్లోకి మార్చుకుని చూసి అతను నవ్వుకున్నాడు. 71 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. బ్రేక్ పైపులో ఉండేదీ అంతే. యాదృచ్ఛికమే. ఇంకో పది కిలోల మనిషికి ఆ పోలిక కుదరదు.

ఆ అంకె కూడా నిలకడైనది కాదు. బిలాస్‌పూర్‌లో డిసెంబరు తెల్లవారుజామున 12 డిగ్రీలుంటే, ఎండాకాలం మధ్యాహ్నం 42 దాటడం మామూలు. చలిలో 70 పెట్టిన టైరును, గాలి తగ్గకుండా 42 డిగ్రీల్లోకి తెస్తే దాదాపు 9 పీఎస్ఐ పెరుగుతుంది. అందుకే వేసవిలో అతను నీడలో కొలుస్తాడు, ఎండలో వదలడు. మామూలు రబ్బరు ట్యూబుల్లోంచి గాలి మెల్లగా కారుతూనే ఉంటుంది. వారం తర్వాత చూడకుండా ఎక్కితే అసలు అంకె ఎంతో తెలియదు. వానాకాలంలో రెండు చక్రాలకూ మరో 4 తగ్గిస్తాడు. పట్టాలు దాటేటప్పుడు మాత్రం ఎంత గాలి ఉన్నా ఒకటే సూత్రం: సూటిగా, అడ్డంగా, బ్రేకు ముట్టకుండా దాటాలి. తడిసిన ఇనుము మీద ఏ టైరుకూ పట్టు ఉండదు. తమ చక్రాలే జారతాయని ఇంజన్‌లో ఇసుక పెట్టుకుని తిరిగేవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

తర్వాతి వైద్య పరీక్షలో అతను పాసయ్యాడు. సైకిల్ వల్లనా, ఉప్పు తగ్గించడం వల్లనా, మాత్రల వల్లనా అన్నది డాక్టరూ తేల్చలేదు. చేతుల తిమ్మిరి మాత్రం మళ్లీ రాలేదు.

సెలవులకు ఇంటికొచ్చిన కూతురు సీటు దించుకుని అదే సైకిల్ తీసుకెళ్లింది. అతను అలవాటుగా వెనక 71, ముందు 62 కొట్టి ఇచ్చాడు. బుధవారీ బజారు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. "నాన్నా, ఒళ్లంతా కుదిపేస్తోంది. ఎలా తొక్కుతున్నావు దీన్ని?" అమ్మాయి బరువు 48 కిలోలు. అతను డైరీలో కొత్త పేజీ తీసి, సైకిల్ బరువు కలిపి, వెనక 52, ముందు 44 అని రాశాడు. మర్నాడు మొదలుపెట్టాల్సిన అంకెలవి.