అంటుకునే కాగితం

'అంటు' అనే మాటకు తెలుగులో ఎన్ని పనులున్నాయో చూడండి. తిన్న గిన్నెలు అంట్లు. మామిడి కొమ్మను ఇంకో చెట్టుకు కలిపితే అంటు కట్టడం. జబ్బు అంటుకుంటుంది. దీపం అంటిస్తాం. చేతికి జిగురు అంటుతుంది. ఇంత కష్టపడే మాటకు 'రాని' తగిలించి మా తాతల నెత్తిన పెట్టారు. తెలుగులో పీహెచ్‌డీ చేసినదాన్ని, మాటల వెంటపడటం నాకు అలవాటు. ఈసారి ఆ మాట వంటగదిలో దొరికింది, కూరగాయలతో రైస్ పేపర్ రోల్స్ చుడుతుంటే.

రైస్ పేపర్ చూడని తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందు అదేంటో చెప్తాను. మన ఆత్రేయపురం పూతరేకుకు దూరపు చుట్టం అనుకోండి. పూతరేకు కోసం పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కింద మంట పెట్టిన బోర్లించిన కుండ మీద వేసి లాగుతారు. వియత్నాంలో మరిగే నీళ్ల గిన్నెకు గుడ్డ బిగించి కట్టి, దాని మీద పిండిని గరిటెతో పల్చగా పూసి, మూతపెట్టి ఆవిరికి ఉడికిస్తారు. ఆ పొరను వెదురు తడికల మీద ఎండలో ఆరేస్తారు. తడిక అల్లిక గుర్తులు ఎండిన కాగితం మీద అచ్చుపడి ఉంటాయి. వాళ్ల భాషలో దాని పేరు బాన్ ట్రాంగ్. అమెరికా సైన్యం మీద పోరాడటానికి నేల కింద సొరంగాలు తవ్వుకున్న కూ చీ గురించి మీలో చాలామంది చదివే ఉంటారు. ఆ కూ చీ ప్రాంతంలోనే ఫూ హోవా డాంగ్ అనే ఊరుంది. ఈ కాగితం తయారీకి ఆ ఊరు పేరుపడింది.

ఆ కాగితంతో చుట్టే రోల్ పేరు గోయ్ కువాన్. మామూలుగా లోపల రొయ్య, పందిమాంసం, పుదీనా లాంటి ఆకులు, సన్నటి బియ్యం సేమ్యా పెడతారు. బౌద్ధులు శాకాహారం పాటించే రోజుల్లో, అంటే చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు, మాంసం బదులు టోఫూ, కూరగాయలు పెట్టుకుంటారు. ఆ రోజు కూరగాయలు తిన్న మనిషే ఇంకో రోజు వెనిగర్ నీళ్లలో ఉడికించిన ఎద్దుమాంసాన్ని అదే కాగితంలో చుట్టుకుంటాడు. అక్కడ శాకాహారం ఒక రోజు పాటింపు. ఇక్కడిలా ఇల్లు అద్దెకివ్వాలా వద్దా తేల్చే పుట్టుమచ్చ కాదు.

నాకు బాగా నచ్చింది వాళ్లు తినే తీరు. చాలాసార్లు రోల్స్ చుట్టి వడ్డించరు. మధ్యలో కాగితాల దొంతర, ఆకులు, కూరగాయలు, చేపో మాంసమో పెట్టి, పక్కన ఒక గిన్నెలో నీళ్లు పెడతారు. ఎవరి కాగితం వాళ్లు తడుపుకుని, ఎవరి రోల్ వాళ్లు చుట్టుకుంటారు. నీళ్ల గిన్నె మాత్రం అందరికీ ఒకటే.

ఇక చేసే పద్ధతి. 12 రోల్స్‌కి ఒక క్యారెట్, ఒక కీరా, పావు ముక్క క్యాబేజీ, గుప్పెడు పుదీనా, గుప్పెడు కొత్తిమీర, 100 గ్రాముల బియ్యం సేమ్యా చాలు. కూరగాయలు అగ్గిపుల్లంత సన్నగా తరగండి. కీరా గింజలు తీసెయ్యండి, లేకపోతే నీరు దిగుతుంది. సేమ్యాని వేడినీళ్లలో నానబెట్టి వార్చండి. పచ్చడికి కప్పు వేయించిన వేరుశెనగ గుళ్లు, మూడు ఎండుమిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు, చిన్న బెల్లం ముక్క, ఉప్పు వేసి కాస్త జారుగా రుబ్బండి. వాళ్లు కూడా వేరుశెనగ వేసిన సాస్‌లోనే ముంచుకుంటారు, కాకపోతే అందులో సోయా ముద్ద కలుస్తుంది.

వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి కాగితాన్ని ఐదు సెకన్లు ముంచి తీయండి. ఇంకా బిరుసుగానే ఉంటుంది, తొందరపడొద్దు. తడి పళ్లెం మీద పరిస్తే అర నిమిషంలో మెత్తబడుతుంది. మీకు దగ్గరగా ఉన్న అంచు వైపు కూరగాయలు పేర్చి, ఆ అంచు మడిచి, రెండు పక్కలూ లోపలికి మడిచి, బిగువుగా చుట్టుకుంటూ పోండి. దారం అక్కర్లేదు, పుల్ల గుచ్చక్కర్లేదు. దానికదే అంటుకుంటుంది. చుట్టినవాటిని ఎడంగా పెట్టి తడిగుడ్డ కప్పండి. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడతాయి, ఏ పూటకాపూట తినేయాలి.

చుట్టేటప్పుడు పొయ్యి లేదు. గరిటె లేదు. ఈ వంటలో ఉన్నవి రెండే: నీళ్లు, చెయ్యి. కులం వేల ఏళ్లుగా కాపలా కాసింది ఆ రెండిటికే.

మా ఊళ్లో చూశాను. పొలంలో నారు నాటింది మా పల్లె ఆడవాళ్లు. కలుపు తీసింది, కోత కోసింది వాళ్లు. ఆ వడ్లు ఊళ్లోకి వెళ్లాయి. బియ్యం బస్తా మా వాళ్ల వీపు మీదే వాళ్ల కొట్టంలోకి చేరింది. అంతవరకూ అంటు లేదు. అవే బియ్యం మా ఇంట్లో నీళ్లు తగిలి అన్నమైతే మాత్రం అంటు వచ్చేసింది. పచ్చి కూరగాయ మా చేతిలోంచి తీసుకుంటారు, కూర తీసుకోరు. రైస్ పేపర్ రోల్ ఈ లెక్కను చెడగొడుతుంది. లోపల పచ్చి కూరగాయ, పైన నా చేత్తో తడిపిన ఉడికిన బియ్యం. ఏది పచ్చిదో ఏది వండినదో ఎక్కడ విడదీస్తారు?

నీళ్ల సంగతి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 1868లో జోతిరావు ఫూలే తన ఇంటి నీళ్ల తొట్టిని అంటరానివాళ్లకు తెరిచారు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టారు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గర, నీళ్లు మురికి చేయొద్దని అడిగినందుకు. కొట్టబోయినవాళ్ల మీదికి మున్నంగి సువార్తమ్మ ఎత్తింది నీళ్ల బిందె.

ఇప్పుడు కాలేజీకి వద్దాం. మా స్టాఫ్ ఏటా ఒక ఆదివారం కలిసి భోంచేస్తారు. తలా ఒక వంట తేవాలి. మూడేళ్లుగా నాకు ఒకటే మాట: "మీకెందుకు శ్రమ మేడం, కూల్‌డ్రింకులూ పేపర్ ప్లేట్లూ తెచ్చేయండి." ఒక ఏడు ఐస్‌క్రీమ్ కప్పులు. పల్లె నుంచే వచ్చిన కాంట్రాక్ట్ లెక్చరర్‌కి 20 లీటర్ల వాటర్ క్యాన్లు. నీళ్లే, కానీ సీలు ఊడనివి. ఎవరూ కులం మాట ఎత్తరు. 'శ్రమ' అంటారు. ఈ ఏడు లిస్టు రాస్తుంటే నేనే చెప్పాను, "రైస్ పేపర్ రోల్స్, 40, నా ఇంట్లో నా చేత్తో చుట్టినవి" అని. రాసే ఆయన పెన్ను కాసేపు ఆగింది. తర్వాత రాశాడు.

ఆ పొద్దున నా దగ్గర చదివే ముగ్గురు పిల్లలు సాయానికొచ్చారు. మధ్యాహ్నం బల్ల మీద పెట్టాం. ఒక మేడం ఈరోజు ఉపవాసం అన్నారు, పులిహోర పెట్టుకున్నారు. ఒకాయన పచ్చడి వదిలేసి రోల్ మాత్రం విప్పి క్యారెట్ ముక్కలు ఏరుకు తిన్నారు. అటెండరమ్మ రెండు తిని ఇంకో రెండు మనవడికి కట్టుకుంది. సీనియర్ లెక్చరర్ ఒకాయన నాలుగు తిని పచ్చడి ఎలా చేశారో అడిగారు. గిన్నె ఖాళీ అయింది.

ఆ వారంలోనే మా పిల్లల్లో ఒకడికి గది కావాల్సొచ్చింది. ఆ నాలుగు తిన్నాయన మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉంది. అడిగాను. "మా ఇంట్లో పెద్దవాళ్లున్నారు మేడం, మీకు తెలియనిదేముంది" అన్నారు. పిల్లవాడు నన్ను అడిగాడు, "నాలుగు తిన్నారు కదా మేడం, మరి రూమ్?"

ఆ ప్రశ్నకు 1936లోనే జవాబుంది. కులాంతర భోజనాలతో కులం పోదని, కులాంతర వివాహం కావాలని, అంతకన్నా ముందు కులాన్ని పవిత్రం చేసిన శాస్త్రాల మీద నమ్మకం పోవాలని 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ రాశారు. తిన్న నోరు వేరు, ఇంటి తలుపు వేరు. రోల్ తిన్నవాళ్లకు మనం సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు. వాళ్ల నోట్లోకి పోయిందా లేదా అన్నది మన గౌరవానికి పరీక్షా కాదు.

మరెందుకు చుట్టాను? ఆ పొద్దున నా వంటగదిలో జరిగినదాని కోసం. ఆ ముగ్గురిలో ఒకరు మాల, ఒకరు మాదిగ, ఒకరు యానాది. మా అమ్మమ్మ కాలంలో మన మధ్య కూడా బావులు వేరు, గిన్నెలు వేరు. అది ఊరు నేర్పిన రోగమే, కానీ మనం మోసిన రోగం. ఈ పిల్లలు మూడు గంటలు ఒకే గిన్నెలో ఆరు చేతులు ముంచారు. మొదటి కాగితం చిరిగితే నవ్వుకున్నారు, ఒకరు పరిచింది ఇంకొకరు చుట్టారు. ఏ రోల్ ఎవరిదో ఆఖరికి వాళ్లకే తెలియలేదు. వర్గీకరణ మీద ముగ్గురికీ మూడు అభిప్రాయాలు, గట్టిగానే వాదించుకున్నారు. చేతులు మాత్రం గిన్నెలోంచి తీయలేదు.

హాస్టల్ గదిలో చేసుకోండి. వేడినీళ్ల కెటిల్ ఉంటే సరిపోతుంది. గది నిండా ఏ కులాలవాళ్లున్నా నీళ్ల గిన్నె ఒకటే పెట్టండి. రెండో గిన్నె అడిగినవాళ్లతో అక్కడే మాట్లాడండి. అందరూ తిన్నాక, గది సంగతీ పెళ్లి సంగతీ కూడా అడగండి. మా పిల్లవాడికి ఇంకా గది దొరకలేదు. వెతుకుతున్నాం.

జై భీమ్.