ఎనకకు తీసుడు లేని తొవ్వ

మా నాయినమ్మ మొక్కుకున్ననాడు నా వయస్సు నాలుగేళ్ళు, బరువు 13 కిలోలు. ఎన్ని మందులు వాడినా విడవని జ్వరం. అది తగ్గితే మేడారం సమ్మక్క తల్లికి నా నిలువెత్తు బంగారం ఇస్తానని ఆమె దండం పెట్టుకుంది. మేడారంలో బంగారమంటే బెల్లమని ఈ సంచిక చదివే వారిలో చాలామందికి తెలిసే వుంటుంది. జ్వరం తగ్గింది. మొక్కు మాత్రం ఒక జాతరకు కరువొచ్చి, ఒక జాతరకు ఇంట్లో చావొచ్చి, వెనక్కు జరుగుతూ పోయింది. జాతర రెండేళ్ళకొకసారి వస్తుంది, నేనేమో రోజూ పెరుగుతున్నాను. అప్పు తీర్చని వాడికి మిత్తి పెరిగినట్టు డిగ్రీలో చేరేనాటికి 58 కిలోలకు చేరాను. "ఇంకా ఆగితే ఇల్లు అమ్మాలె" అని బాపు నవ్వేవాడు.

ఆ బెల్లాన్ని, నాయినమ్మను ట్రాక్టరు ట్రాలీలో వరంగల్ నగరం తగలకుండా మేడారం చేర్చటానికి నేను తొవ్వ వెతికిన సంగతి ఇది. భక్తిని గురించి రాయగలవారు వేరే వున్నారు.

మాది వర్ధన్నపేట వైపు పల్లె. జాతరకు వెనుకటి రోజుల్లో ఎడ్లబండ్లు కట్టేవారట. ఇప్పుడు ట్రాలీలు. ట్రాలీ మీద వెదురు బద్దలు కమానుల్లాగా వంచి, పైన తాటిపత్రి కప్పి, కింద గడ్డి పరిచి దాని మీద జంపఖానా వేస్తారు. బియ్యం, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, మేకపిల్ల, ముసలివాళ్ళు, పసిపిల్లలు అన్నీ అందులోనే. నాలుగు రోజులు అదే ఇల్లు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించటం చట్టం ఒప్పే పని కాదు. క్షేమమూ కాదు. ఆ మాట దాచి ఈ వ్యాసం రాస్తే అబద్ధమవుతుంది. నాయినమ్మకు తుంటి నొప్పి. బస్సులో కూర్చోలేదు, కారు అద్దెకు తీసుకొని నాలుగు రోజులు నిలబెట్టుకునే స్తోమత మాకు లేదు.

2022 ఫిబ్రవరిలో ఏమైందో ముందు చెప్పాలి. అప్పుడు తొవ్వ చూపించింది నేనే. ఫోనులో పటం చూసి నగరం గుండా పోతే కొద్ది కిలోమీటర్లు తక్కువ అన్నాను. శివనగర్‌లో మా మేనత్త ఇల్లు వుంది. ఆమెను ఎక్కించుకోవచ్చు, బెల్లం కూడా అక్కడే కొనవచ్చు. ఒకే దెబ్బకు మూడు పనులని మురిసిపోయాను. పొద్దుగూకే వేళకు అత్త వాళ్ళ గల్లీలో వున్నాం. ఎదురుగా ఇటుకల లారీ. అది వెనక్కు పోదు, మేము ముందుకు పోలేము. నేను దిగి ట్రాలీ వెనక నిలబడి "రానియ్, రానియ్" అని చెయ్యి ఊపుతున్నాను. బాపుకు నేను కనబడటం లేదు, నా గొంతే వినబడుతున్నది. చూస్తుండగానే ట్రాలీ మూతి పక్కకు మడతపడి ట్రాక్టరు పెద్ద టైరుకు ఆనుకుంది. కమాను ఒక బాల్కనీకి తగిలి వెదురు ఫట్‌మని విరిగింది. ఆ కుదుపుకు నాయినమ్మ పడి మణికట్టు విరిగింది. ఆ రాత్రి మేము మేడారంలో లేము, వరంగల్‌లో ఒక ఆసుపత్రి వరండాలో వున్నాం. నన్ను ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తరువాత మెకానిక్స్ చదివేటప్పుడు ఆ గల్లీయే నాకు కళ్ళ ముందు నిలిచేది. ట్రాలీని వెనక్కు నడపటం అరచేతిలో కర్రను నిటారుగా నిలబెట్టటం వంటిది. పుస్తకంలో దానిని అస్థిర సమతాస్థితి అన్నారు. ట్రాలీ వెనకభాగం ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. అది తిరగటం మొదలు కాగానే మళ్ళీ ఎడమకు తిప్పి దాని వెంట పోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ కోణం తనంతట తానే పెరిగిపోతుంది. ముందుకు లాగేటప్పుడు ఈ బాధ లేదు. లాగే కొద్దీ ట్రాలీ తనే సర్దుకొని వెంట వస్తుంది. అయితే మలుపులో ఇంజను పోయిన గీత మీద ట్రాలీ రాదు, మూలను లోపలికి కోసుకుంటూ వస్తుంది. ట్రాక్టరు దాటిన రాయి ట్రాలీ చక్రానికి తగులుతుంది. ఇక మా ట్రాలీకి సొంత బ్రేకు లేదు. దిగుడులో అది ట్రాక్టరును వెనకనుంచి తోస్తుంది. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలవుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. బాపు పరీక్ష రాయలేదు గాని దిగుడు రాగానే చిన్న గేరు వేయటం ఆయనకు ఎవ్వరూ చెప్పనక్కరలేదు.

2024 జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒకనాడు బాపు అన్నం తింటూ, "ఈసారి గూడ తొవ్వ నువ్వే చూడు" అన్నాడు. ముద్ద నా గొంతులో ఆగిపోయింది. "దగ్గరిది కాదు బిడ్డా, ఎనకకు తీసుడు లేని తొవ్వ చూడు" అన్నాడు మళ్ళీ.

నోటుపుస్తకం తీశాను. నేల నుంచి కమాను నెత్తి వరకు కొలిస్తే 9 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. 10 అడుగుల వెదురు కర్ర ఒకటి నరికి, మా చిన్నాయిన కొడుకుతో మోటారుసైకిలు మీద బయలుదేరాను. కర్రను వాడు ఈటెలాగా నిలువుగా పట్టుకున్నాడు. పర్వతగిరి, నెక్కొండ, నర్సంపేట, మల్లంపల్లి, అక్కడ ములుగు పోయే జాతీయ రహదారి. ఇదీ నేననుకున్న చుట్టుదారి. ఎక్కడ తీగ కిందికి వేలాడినా, కొమ్మ అడ్డం వచ్చినా కర్ర నిలబెట్టి చూశాం. రైలు పట్టాలు మాత్రం చుట్టు తిరిగినా తప్పవు. కాజీపేట నుంచి విజయవాడ పోయే లైను వరంగల్‌లో దాటకపోతే నెక్కొండ దగ్గర దాటాలి. ట్రాలీ మొత్తం తిప్పుకోగల జాగా ఎక్కడెక్కడ వుందో రాసుకున్నాం. ఏ పెట్రోలు బంకులో లోపలికి పోయి వెనక్కు రాకుండా బయటపడవచ్చు, ఏ చెరువుకట్ట మీద ఎదురు బండికి తప్పుకోవచ్చు, బోరింగు ఎక్కడ. వూళ్ళలో పిల్లలు "ఏం సర్వే అన్నా?" అని వెంటపడ్డారు. రోడ్డు వేస్తున్నారనుకొని ఒక పెద్దమనిషి చాయి కూడా తాగించాడు. మేము కాదనలేదు.

తొవ్వ కుదిరింది గాని మేనత్త కుదరలేదు. ఆమెను బస్సులో నర్సంపేట వచ్చి అక్కడ ఎక్కమని ఫోను చేశాను. "ఏం అల్లుడా, మా గడప తొక్కుడు గూడ బరువైందా మీకు?" అన్నది. బాల్కనీ సంగతి గుర్తుచేయటానికి నోరు రాలేదు. ఫోను నాయినమ్మ అందుకుంది. "నా చెయ్యి ఒక్కటే మిగిలింది బిడ్డా, దాన్ని గూడ మీ గల్లీల ఇడువమంటవా?" అన్నది. అవతల కొంతసేపు చప్పుడు లేదు. తరువాత నర్సంపేటకు బస్సు ఎన్ని గంటలకని అడిగింది.

20వ తేదీ, మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు కదిలాం. బెల్లం నేనే సర్దాను. రెండు చక్రాల ట్రాలీలో బరువు ఇరుసుకు కాస్త ముందుండాలి. వెనక్కు పోతే ట్రాలీ మూతి పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాల పట్టు తగ్గుతుంది. మరీ ముందుకు తోస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. అందుకని నా అంత బరువున్న బెల్లం దిమ్మలు ముందు, నీళ్ళ డ్రమ్ము వెనక, నడుమ నాయినమ్మ. హుక్కు పిన్నుకు తోడుగా ఒక గొలుసు కూడా వేశాం. వెనక పలకకు ఎర్ర రేడియం అంటించాం. దారిలో చెప్పుకోదగినదేమీ జరగలేదు. అదే నాకు పండుగ. నర్సంపేటలో అత్త రెండు సంచులతో, ముడుచుకున్న మొహంతో ఎక్కింది. మల్లంపల్లి చేరేసరికి నాయినమ్మ పక్కన కూర్చొని పాట అందుకుంది. ములుగు ముందర గట్టమ్మ దగ్గర అందరిలాగే ఆగి కొబ్బరికాయ కొట్టాం. పస్రాలో పోలీసులు మమ్మల్ని నార్లాపూర్ వైపు మళ్ళించారు.

జాతర గురించి ఎక్కువ రాయను. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వచ్చింది. శుక్రవారం జంపన్నవాగులో మునిగి బెల్లం నెత్తిన పెట్టుకొని నడిచాం. 58 కిలోల నన్ను నలుగురు మోసారు. నాయినమ్మ ఒక చిన్న దిమ్మ మాత్రం తన మంచి చేతిలో పట్టుకొని, గద్దె కనబడగానే ఏడ్చింది. పదహారేళ్ళ కిందటి జ్వరం ఆనాడు పూర్తిగా దిగినట్టుంది.

నా తెలివి తిరుగు ప్రయాణంలో బయటపడింది. పోయే తొవ్వ అంగుళాలతో సహా రాసుకున్నవాణ్ణి, వచ్చే తొవ్వ వేరే వుంటుందని ఆలోచించలేదు. బండ్లు ఎదురెదురు రాకుండా వచ్చిన దారిన తిరిగి పోనియ్యరు. బయ్యక్కపేట, భూపాలపల్లి మీదుగా పరకాల వైపు పంపుతారు. అంటే మేము ఏ నగరాన్ని తప్పించుకొని వచ్చామో సరిగ్గా దాని వైపుకే. పరకాల దాటేసరికి చీకటి పడింది. ముందు గూడెప్పాడు, అక్కడ నుంచి ఒక పక్క వరంగల్, ఒక పక్క మల్లంపల్లి. వెనకా ముందూ వెలుగుతున్న లైట్ల వరస. నా నోటుపుస్తకంలో ఈ పేజీ ఖాళీ.

"బాపూ, ఇది నేను చూడలే" అన్నాను. ఇంజను చప్పుడులో వినబడలేదనుకొని మళ్ళీ చెప్పబోయాను. బాపు రోడ్డు పక్కన ఎత్తుగా వున్న ఖాళీ జాగాలోకి ట్రాలీని ఒక్క తిప్పుడులో దించి ఇంజను ఆపేశాడు. ఎట్లా ఆపాడో తెల్లారి చూశాను. ముందుకు లాగితే చాలు, మళ్ళీ రోడ్డెక్కేటట్టు మూతి అటే పెట్టి ఆపాడు.

అత్తకు మరునాడు పొద్దున పని వుంది. ఆమెను వరంగల్ బస్సు ఎక్కించి వచ్చాను. అమ్మ పొయ్యి వెలిగించింది. "ఇంటికి ఎప్పుడు చేరుతమో" అని నేను గొణుగుతుంటే, నాయినమ్మ కాళ్ళు చాపుకొని, "ఇల్లు మన ఎనకనే వచ్చె గదరా" అన్నది.

రాత్రి అత్త ఫోను చేసింది. "నేను అన్నం తిని పండుకుంటున్న. మీరు యాడున్నరు?"

"చింతచెట్టు కింద" అన్నాను.