అల్లికకు గంటల లెక్క

2025 జూన్ 8, ఆదివారం
నరసాపురం

చామంతి కుషన్ కవరు ఈ మధ్యాహ్నం పూర్తయింది. నమూనా నాదే. మధ్యలో గుండ్రంగా మొదలై, రేకులు విచ్చుకుంటూ పోయి, చివరికి నాలుగు మూలలకీ సర్దుకునే అల్లిక. ఆ మూలలు కుదరడానికే చాలా పట్టింది. ఈసారి గంటలు కూడా రాసుకుంటూ అల్లాను. 34 అయ్యాయి. ఏజెంటుకి ఇస్తే దారం ఆయనదే, నా చేతికొచ్చేది 200 రూపాయలు. గంటకి ఆరు రూపాయలు కూడా పడదు. ఉపాధి హామీ పనికి ఈ ఏడాది మన రాష్ట్రంలో రోజు కూలి 307. రోజుకి ఎనిమిది గంటల చొప్పున చూసుకుంటే నా 34 గంటలకి 1,300 దాటాలి. దారం 110 కలిపితే 1,410. నమూనా గీసినందుకు, పార్శిలుకి, అమ్ముడుపోక మిగిలే సరుక్కి ఇందులో పైసా లేదు. సొంతంగా అమ్మడానికి ధర 1,900 పెడితే గాని నిలబడదు.

అమ్మకి చదివి వినిపించాను. "కూలేంటే? ఊరికే కూర్చోలేక అల్లుకుంటాం. నీకూ ఇష్టమేగా" అంది.

ఇష్టమే. క్రోషా సూది పట్టుకున్న రోజు నుంచీ ఇష్టమే. కానీ కంసాలికి నగ చెయ్యడమంటే ప్రాణమని తెలిసినా ఆయనకి మజూరీ ఎగ్గొట్టే ధైర్యం ఎవరికీ లేదు. మా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇష్టమే సగం కూలి అయిపోతోంది.

జూన్ 19, గురువారం

మరియా మీస్ పుస్తకం చదవడం అయింది, నిఘంటువు పక్కన పెట్టుకుని. ఆవిడ జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' 1982లో అచ్చయింది. అంతకు కొన్నేళ్ళ ముందు మా ఊళ్ళకొచ్చి, అరుగుల మీద మా అమ్మమ్మల తరం పక్కన కూర్చుని, వాళ్ళ పని గంటలు లెక్కపెట్టింది. అంతకు ముందు ఆ లెక్క కట్టాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఆవిడ తేల్చింది ఇది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక సముద్రాలు దాటి అమ్ముడుపోతోంది. అప్పట్లో లక్షమందికి పైగా ఆడవాళ్ళు చేసేవారు. అయినా వాళ్ళని పనివాళ్ళుగా ఎవరూ చూడరు, వాళ్ళూ చూసుకోరు. ఇంటి పని అయ్యాక తీరిక వేళ చేసుకునేదిగానే లెక్క. అందువల్ల ఎనిమిది గంటల పనికి ఆ రోజుల్లో రూపాయి కూడా పడలేదు. వ్యాపారం మాత్రం దాదాపు అంతా మగవాళ్ళ చేతుల్లో ఉంది.

నేను ఎక్కువసేపు ఆగింది పని విడగొట్టిన తీరు దగ్గర. ఒకళ్ళు పువ్వులు అల్లుతారు, అది చేతిపని. ఇంకొకళ్ళు వాటిని కలుపుతారు, అది అతుకుపని. పువ్వులు అల్లినావిడకి అవి దుప్పటి అవుతాయో బల్లగుడ్డ అవుతాయో తెలియదు. ఏ దేశం వెళ్తాయో, ఎంతకి అమ్ముతారో అసలే తెలియదు. మొత్తం వస్తువు తెలిసింది ఏజెంటుకీ, ఆయన పైన ఎగుమతిదారుకీ. నా చేతికి నమూనా అంతా తెలిసినా ధర గురించి నేను నోరెత్తలేకపోవడానికి కారణం ఇక్కడ దొరికింది. కొనేవాళ్ళెవరో నాకు తెలియాలి. నమూనా, లెక్కల పుస్తకం నా దగ్గరుండాలి. ఈ మూడూ లేకపోతే ఎంత గొప్పగా అల్లినా అది నాకు బతుకుతెరువు కాదు.

1899 కరువునీ, 1929 మాంద్యాన్నీ దాటుకొచ్చిన పని ఇది. దాటించింది ఆ అరుగుల మీది ఆడవాళ్ళే.

జూలై 14, సోమవారం

రాజమండ్రి వెళ్ళొచ్చాను, పొద్దున్నే బయల్దేరి పాలకొల్లు, సిద్ధాంతం మీదుగా. రావులపాలెంలో బస్సు ఆగితే కిటికీ దగ్గరికే పూతరేకుల పెట్టెలు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. పల్చటి గుడ్డ బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, బోర్లించిన కుండ మీద వేసి లాగేస్తే రేకు నిలుస్తుంది. కింద మంట ఏమాత్రం అటూ ఇటూ అయినా చిరిగిపోతుంది. అంత నేర్పు ఉన్న చేతికి రేకుల లెక్కన కూలి. నెయ్యి, బెల్లం వేసి చుట్టి పెట్టెలో పెట్టినవాళ్ళకి ధర. ఆత్రేయపురంలో ఈ రెండూ ఒకే ఇంట్లో చేసుకునే కుటుంబాలున్నాయి. నాకు కావలసింది ఆ దారి.

రాజమండ్రి వెళ్ళిన పని అక్కడ తయారయ్యే రత్నం పెన్నులు చూడడం. కోసూరి వెంకటరత్నం గారు లోహపు పనిలో ఆరితేరిన మనిషి. గుండుసూది నుంచి కలం దాకా ఏదైనా సామాన్యులకి పనికొచ్చే స్వదేశీ వస్తువు చెయ్యమని గాంధీ గారు అన్నారట. 1932లో పెన్నుల పని మొదలుపెట్టారు. గాంధీ గారి అనుచరుడు కుమారప్ప ద్వారా ఒక పెన్ను వార్ధాలో ఉన్న గాంధీ గారికి చేరింది. బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులుగా ఇది బాగానే పనికొస్తుందని 1935 జూలైలో గాంధీ గారు ఉత్తరం రాశారు.

అందరూ ఆ ఉత్తరం గురించే చెబుతారు. నన్ను పట్టుకున్నది దాని తర్వాతి తొంభై ఏళ్ళు. బాల్ పెన్ను వచ్చింది, కంప్యూటరు వచ్చింది, చేతిలోకి ఫోను వచ్చింది. ఉత్తరం ఎంత గొప్పదైనా ఇన్నాళ్ళు అన్నం పెట్టదు. రాయని పెన్ను రెండోసారి ఎవరు కొంటారు? ఆ కుటుంబం పనిని చేతిపనిగానే ఉంచుకుంది. ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి, ఒక్కో పెన్నూ విడిగా చేస్తారు. పరుగెత్తి పెద్దవాళ్ళయిపోవాలనుకుంటే బహుశా ఏ ఎనభైల్లోనో మూతపడేది. మన చేతులు ఎంత మోస్తాయో అంతే ఒప్పుకోవడం కూడా వ్యాపారంలో భాగమని నాకు గట్టిగా అనిపించింది.

ఆగస్టు 8, శుక్రవారం
వరలక్ష్మీ వ్రతం

తాంబూలాలకి వచ్చినవాళ్ళకి సొంతంగా అల్లించి అమ్మాలన్న నా ఆలోచనా, గంటల లెక్కా చెప్పాను. ఎదురింటి వదిన వెంటనే, "నాకూ రాసిపెట్టు" అంది. మొగల్తూరు పిన్ని మాత్రం భయపడింది. "ఏజెంటు గారికి తెలిస్తే దారం ఇవ్వడం మానేస్తారమ్మాయ్. నెలకి ఆ పన్నెండు వందలూ పోతే గ్యాసు బండకి ఎవరిస్తారు?" ఆ భయం ఉత్తిది కాదు. పిన్నిని పూర్తిగా మానుకోమని చెప్పే హక్కు నాకు లేదు. వారంలో రెండు రోజులు నా పని, మిగతావి ఆయన పని అనుకున్నాం.

లేసు పనికి 2024లో జీఐ వచ్చింది కదా, రేట్లు ఎందుకు పెరగలేదని వదిన అడిగింది. అది పేరుని కాపాడుతుంది, చైనా మిషను లేసుని నరసాపురం లేసని అమ్మకుండా అడ్డుకోవడానికి ఆధారం ఇస్తుంది. ఆ పేరు వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. కూలి ఎంతన్నది అందులో ఎక్కడా లేదు. అది మనమే రాసుకోవాలి.

ఆగస్టు 27, బుధవారం
వినాయక చవితి

ఈరోజు నుంచి అమెరికాలో మన సరుకు మీద సుంకం 50 శాతం. ఈ నెల 7న 25 వేశారు, ఇప్పుడు ఇంకో 25. పత్రి కోసం వెళ్తే దారిలో ఏజెంటు గారు కనిపించి, అక్కడి ఆర్డర్లు ఆగిపోయాయని చెప్పారు. ఆయన మొహంలో రక్తం లేదు. ఆయన డబ్బూ సరుకులో ఇరుక్కుంది. కొత్త దారం కొన్నాళ్ళు ఇవ్వలేనన్నారు. సాయంత్రం పిన్ని ఫోను చేసింది. వారంలో ఎన్ని రోజులైనా వస్తానంది.

ఇవాళ నాకు సంతోషం లేదు. పిన్ని నా దగ్గరికి ఇష్టపడి రావాలనుకున్నాను, గతిలేక కాదు. ఎక్కడో ఒక దేశం ఒక అంకె మారిస్తే మొగల్తూరులో పొయ్యి దగ్గర తెలుస్తోంది. నా వైపు కొనేవాళ్ళు కూడా ఒకే చోట ఉండకూడదు. హైదరాబాదు, బెంగుళూరు, విశాఖ, ఊళ్ళో పెళ్ళిళ్ళు, అన్నీ కలవాలి. ఏ ఒక్కరి కొనుగోలూ మొత్తంలో సగానికి మించకూడదని పుస్తకంలో రాసుకున్నాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

హైదరాబాదు దుకాణం ఆవిడతో బేరం తేలింది. దసరాకి 200 లేసు కాలర్లు అడిగారు. మా నలుగురి చేతుల మీద 40 అవుతాయి, అంతే ఒప్పుకున్నాను. వాళ్ళ లేబులు కుట్టి, నమూనా కూడా వాళ్ళకే రాసిమ్మన్నారు. కాలరు అమ్ముతానండీ, నమూనా అమ్మను అని చెప్పాను. ధర ఎక్కువన్నారు. గంట రేటు తగ్గించకుండా కాలరు వెడల్పు రెండు వరసలు తగ్గించి, ఆ మేరకి ధర తగ్గించాను. ఆవిడ కాసేపు ఆలోచించి సరేనన్నారు. సగం డబ్బు ముందే పంపారు.

అందులోంచి 20 నంబరు దారం తెప్పించాను. అతుకుపనికి కాస్త తక్కువ వేద్దామని వదిన అంది, మామూలుగా బయట అంతేగా అని. వద్దన్నాను. సరిగ్గా అతక్కపోతే పువ్వు ఎంత బాగున్నా కాలరు మెడ మీద కూర్చోదు. పిన్నికి చూపు కొంచెం తగ్గింది, చేతిపని కష్టం, అతుకుపనే చేస్తుంది. ఆవిడ గంటలకి విడిగా ఒక పేజీ తెరిచి, పైన రేటు రాశాను, నాకెంతో అంతే.