పట్టందూరు అగ్రహారలో ఒక రెండో శనివారం

మా పెద్దవాళ్ళు హిందూపురం వైపు నుంచి బెంగళూరు వచ్చి మూడు తరాలైంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. నేను బి.కాం. చదివి 1989లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. ఇప్పుడు ఆఫీసర్ని, రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డాను. మా అబ్బాయి వెబ్ ప్రోగ్రాములు రాస్తాడు. వాడేం చేస్తాడని బంధువులు అడిగితే "కంప్యూటర్ పని" అని చెప్పి మాట మార్చేవాణ్ణి. అంతకు మించి నాకూ తెలియదు మరి.

వాడి పని మీద నాకు కోపం వచ్చిన రోజు ఒకటుంది. మా అమ్మకు 81 ఏళ్ళు. స్కూల్ టీచర్‌గా రిటైరైంది. పింఛనుకు సంబంధించిన ఒక ఫారం కంప్యూటర్‌లో నింపవలసి వచ్చింది. ఎవరి సాయమూ అక్కర్లేదని తానే కూర్చుంది. ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కుతూ, పాస్‌బుక్ తెరిచి అంకెలు సరిచూసుకుంటూ చివరి గడి దాకా వచ్చింది. అంతలో "మీ సమయం ముగిసింది" అని ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపించి, రాసిందంతా మాయమైంది. మూడుసార్లు ఇదే తంతు. మూడోసారి అమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నా సమయం ముగిసిందని చెప్పడానికి వీడెవడురా?" అంది. నవ్వుతూనే అంది గానీ గొంతు వణికింది. ఆ సాయంత్రం మావాడు ఇంటికి రాగానే "మీరు చేసే ఘనకార్యం ఇదేనా?" అని దులిపేశాను. ఆ పేజీ వాడు చేసింది కాదు. వాడు బదులు చెప్పకుండా గదిలోకి వెళ్ళిపోయాడు. రెండు వారాలు ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి.

తర్వాత వచ్చిన రెండో శనివారం నాకు సెలవు, వాడికి పని. పొద్దున్నే వెళ్తూ ఆఫీసు గుర్తింపు కార్డు డైనింగ్ టేబుల్ మీద మరిచిపోయాడు. "పోయి ఇచ్చి రారా, వాడు తిండి కూడా సరిగా తినలేదు" అని అమ్మ చిత్రాన్నం డబ్బా కూడా చేతిలో పెట్టింది.

మాది మల్లేశ్వరం. 1898 ప్లేగు తర్వాత జనం సర్దుకున్న పాత పేట. సంపిగె రోడ్డులో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో దిగి ఊదారంగు లైను పట్టుకున్నాను. ఈ లైను 2023 అక్టోబరు 9 నుంచి చల్లఘట్ట మొదలు వైట్‌ఫీల్డ్ దాకా ఏకధాటిగా నడుస్తోంది. మొత్తం 43 కిలోమీటర్ల పైచిలుకు. కబ్బన్ పార్కు దాకా నేల కిందనే పోయిన రైలు ఎం.జి. రోడ్డు దగ్గర వెలుగులోకి వచ్చింది. హలసూరు, ఇందిరానగర్, బైయప్పనహళ్ళి దాటి కె.ఆర్.పురం చేరేసరికి ఊరి ముఖమే మారిపోయింది. అన్నీ అద్దాల మేడలే. స్టేషన్ల పేర్లు మాత్రం పల్లెటూళ్ళవే. సింగయ్యనపాళ్య, గరుడాచారపాళ్య, హూడి, కుందలహళ్ళి. నేను దిగవలసింది పట్టందూరు అగ్రహార. ఒకప్పుడు వేదం చదువుకునేవారికి ఇచ్చిన ఊళ్ళను అగ్రహారాలనేవారు. ఇప్పుడు ఆ పేరున్న చోట 1990ల్లో మొదలైన ఐ.టి. పార్కు ఉంది. చదువు మారింది గానీ పొద్దస్తమానం కూర్చుని చదివే జనం మారలేదనుకున్నాను. వైట్‌ఫీల్డ్ కూడా అలాంటిదే. 1880ల్లో ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల సేద్యం కోసం వెలసిన చిన్న కాలనీ. దానికోసం పాటుపడిన డి.ఎస్. వైట్ పేరే దానికి పెట్టారు.

ఆఫీసు గేటు దగ్గర ఫోటో తీసి, మెడలో సందర్శకుడి చీటీ వేశారు. మావాడు కిందికి వచ్చి కార్డు తీసుకుని, కాసేపు తటపటాయించి, "టీ తాగుదాం రండి నాన్నా" అన్నాడు. క్యాంటీన్‌లో చిత్రాన్నం డబ్బా విప్పాడు. ఏదో ఒకటి మాట్లాడాలి గనుక, "ఆ రోజు అవ్వ రాసిందంతా ఎందుకు పోయింది?" అని నెమ్మదిగానే అడిగాను.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. వెబ్ అనేది 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన పద్ధతి. నేను ఉద్యోగంలో చేరిన ఏడే! అందులో పేజీలు పంపే సర్వర్ కంప్యూటర్‌కు స్వతహాగా జ్ఞాపకం ఉండదట. ఒక పేజీ అడిగి తీసుకున్న మనిషి మరుక్షణం ఇంకొకటి అడిగితే, ఇతను అతనే అని దానికి తెలియదు. అందుకని 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ 'కుకీ' అనే ఉపాయం కనిపెట్టాడు. సర్వర్ మనకో గుర్తు ఇస్తుంది. మళ్ళీ వెళ్ళినప్పుడల్లా మన కంప్యూటర్ ఆ గుర్తు చూపిస్తుంది.

"ఇత్తడి టోకెన్!" అన్నాను.

వాడికి తెలియదు. నేను చేరిన కొత్తలో డబ్బు తీసుకోవడానికి స్లిప్పు ఇస్తే, నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ చేతికిచ్చేవాళ్ళం. స్లిప్పు లెడ్జరు దగ్గరికి, ఆఫీసరు దగ్గరికి తిరిగి క్యాషియర్‌ను చేరేది. క్యాషియర్ నంబరు పిలిస్తే టోకెన్ ఇచ్చి డబ్బు తీసుకోవాలి. ఆ మనిషెవరో క్యాషియర్‌కు తెలియనక్కర్లేదు, బిళ్ళ తెలిస్తే చాలు. ఇదంతా చెబితే మావాడు తినడం ఆపి విన్నాడు.

"అయితే గడువెందుకు పెడతారు?" అన్నాను.

"ఎవరైనా పేజీ తెరిచి వదిలేసి వెళ్తే, పక్కవాడు వచ్చి దుర్వినియోగం చేయొచ్చు కదా నాన్నా."

కాదనలేకపోయాను. క్యాష్ డ్రాయర్ తెరిచిపెట్టి టీకి వెళ్ళిన గుమాస్తాను నేనే మందలించాను. కానీ ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. ఒకసారి ఒక ముసలి రైతు టోకెన్ పట్టుకుని బెంచీ మీదే నిద్రపోయాడు. క్యాషియర్ మూడుసార్లు పిలిచాడు. పలకలేదు. స్లిప్పు చించి పారేయలేదు. ప్యూను వెళ్ళి భుజం తట్టి లేపాడు. "మేము మనిషిని చూసేవాళ్ళంరా. మీకు కౌంటరు అవతల మనిషి కనిపించడు. అదే చిక్కు" అన్నాను.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఆ భుజం తట్టే పనికి కూడా నియమం ఉందట. కళ్ళు కనిపించనివారికీ, చేతులు వణికేవారికీ వెబ్ అందుబాటులో ఉండాలని 2008లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో, గడువు ముగిసేముందు హెచ్చరించి, ఒక్క నొక్కుతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లైనా ఇవ్వాలన్న పద్ధతి ఒకటి ఉంది. తాము చేస్తున్న ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల పేజీలో అది పెడదామంటే, పని పెరుగుతుందని పక్కన పెట్టారట. "అవ్వ సంగతి జరిగిన మర్నాడే మళ్ళీ అడిగాను. ఒప్పుకున్నారు. ఈవేళ వచ్చింది ఆ పనికే" అన్నాడు.

రెండు వారాలుగా నేను మొహం ముడుచుకుని తిరుగుతుంటే, వాడు చేస్తున్న పని ఇది. నాకు నోట మాట రాలేదు. డబ్బాలో మిగిలిన చిత్రాన్నం వాడి వైపు జరిపాను.

మరుసటి ఆదివారం ఆ పేజీ నమూనా ఇంటికి తెచ్చి అవ్వ ముందు పెట్టాడు. దానికి తెలుగు కూడా ఉంది. "సెషన్ గడువు తీరబోతోంది" అన్న వాక్యం చూసి, "గడువు తీరడానికి ఇదేమన్నా అప్పా?" అంది అమ్మ. ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, కాగితం మీద తన గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఇంకా సమయం కావాలా? నిదానంగా కానివ్వండి."

మావాడు ఆ వాక్యమే పెట్టాడు. అమ్మ ఫారం నింపడానికి 22 నిమిషాలు పట్టింది. మధ్యలో ఆ ప్రశ్న రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ మీట నొక్కింది. ఒక్క అక్షరం పోలేదు. "పర్వాలేదు, వీడికి మర్యాద తెలుసు" అంది. కంప్యూటర్‌నన్నదో మనవణ్ణన్నదో మేం అడగలేదు.

పింఛను ఫారం పేజీ మాత్రం ఇంకా అలాగే ఉంది. దాన్ని నాలుగోసారి, జవాబులన్నీ ముందే కాగితం మీద రాసుకుని గెలిచింది అమ్మ. ఇంట్లో పెద్దవాళ్ళున్న పాఠకులకు ప్రస్తుతానికి నేను చెప్పగల ఉపాయం కూడా అదే.