రెండో కోటు



కువైట్‌లో తెలుగువారి కూడికలకు వెళ్లే ముందురోజు రేపల్లెలో బ్యాగు సర్దుకున్నాను. విమానంలో చేతిబ్యాగుకు 7 కిలోలే. మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, బైబిలు, తెనాలిలో కుట్టించిన రెండు కోట్లు. తూకం సరిగ్గా సరిపోయింది.

అంతలో బాపట్ల నుండి ఒక తల్లి వచ్చింది. అక్కడ ఇళ్లలో పనిచేసే కూతురికి ఇవ్వమని చీర తెచ్చింది. "దాన్ని చూసి నాలుగేళ్లయింది అయ్యగారూ" అంది.

చోటు లేదని చెప్పబోయాను. మార్కు 6:9 గుర్తొచ్చింది. రెండంగీలు వద్దని ప్రభువు శిష్యులకు చెప్పిన మాట నేనే ఎన్నిసార్లు ప్రసంగించానో! రెండో కోటు తీసేశాను.

ఆ బిడ్డ చీరను ముఖానికి హత్తుకుని ఏడ్చింది. రోజూ అదే కోటేమిటని నన్నెవరూ అడగలేదు.

మన బ్యాగులో ఎవరి చోటును ఏది ఆక్రమించిందో చూసుకుందాం. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.