వాలు మీది వాకిలి

సోదరీమణులారా! ఇల్లు కట్టుకొనునపుడు వంటయింటిని గుఱించియు, పూజగదిని గుఱించియు మనము పదిమార్లు ఆలోచింతుము. వీధిగేటును గుఱించి ఒక్కమారైన ఆలోచింపము. మేమును అట్టివారమే. అందువలన మాకు కలిగిన అనుభవమును మీకు విన్నవించుచున్నాము.

మా కాపురము విశాఖపట్టణమున ఒక కొండవాలున నున్నది. ఇంటిముందరి వీధి కుడినుండి యెడమకు దిగును. వాకిలి వీధినుండి లోనికి ఎక్కును. మా అత్తగారికి మోకాళ్లనొప్పి ముదిరి, కారు గుమ్మమువఱకు రావలసిన అవసరము కలిగెను. పాత ఇనుపగేటు మిక్కిలి బరువు. బడినుండి వచ్చిన మావారు వానలో తడియుచు దానిని నెట్టలేక ఆయాసపడుచుండిరి. కావున మీట నొక్కినంతనే తెఱచుకొను మోటారు గేటును పెట్టింప నిశ్చయించితిమి.

గేటు పనివాడు వచ్చి కొలతలు తీసెను. వాకిలి వెడల్పు 12 అడుగులు. రెండు రెక్కల గేటైనచో ఒక్కొక్క రెక్క 6 అడుగులుండును. లోపలి నేల అడుగునకు అంగుళము చొప్పున ఎక్కుచున్నది గనుక, రెక్క లోనికి పూర్తిగా తెఱచుకొనవలెనన్న అడుగున 6 అంగుళములకు పైగా సందు విడువవలెను. ఆ సందున కుక్కలు దూఱును. వీధివైపునకు తెఱచినచో దారిన పోవువారికి తగులును. “ప్రక్కకు జరుగు గేటు వేసెదను, మాస్టారూ. గట్టి మోటారుండగా వాలు ఏమి చేయును?” అని వాడనెను. నేలను చదును చేయు ఖర్చు తప్పునని మావారు సమ్మతించిరి.

మాకు మాత్రము మనసు ఒప్పలేదు. ప్రతి ఉదయము కూరలమ్మి తన గంపను మా వాకిట దించును. గంపనుండి జాఱిన నిమ్మకాయ ప్రతిదినము దిగువ గోడవఱకు దొర్లిపోవుట మేము చూచుచునే యుంటిమి. కల్లాపి చల్లిన నీరును అటే పోవును. నీరు పల్లమెఱుగునన్న సామెత ఊరకనే పుట్టలేదు. నిమ్మకాయకు తెలిసిన వాలు గేటునకు తెలియకుండునా? అయినను, ఇవి మగవారి పనులు, మన కెందుకని మిన్నకుంటిమి.

వాలువెంబడి పట్టా పఱచి గేటు నిలిపిరి. రెండు నెలలు చక్కగా నడచినది. ఒకనాటి సాయంకాలము విద్యుత్తు పోయెను. బ్యాటరీ పెట్టించుకొనలేదు. మావారు తాళపుచెవితో మోటారు పట్టును విడిపించిరి. మరుక్షణమే గేటు చేయి విదలించుకొని దిగువకు ఉఱికెను. పట్టా చివర అడ్డుగా అతికిన చిన్న ఇనుపముక్క ఊడిపోయి, గేటు పట్టా దాటి నేల గూలెను. పాఠమునకు వచ్చిన ఒక చిన్నపిల్ల ఆ ప్రక్కనే చెప్పులు విడుచుచుండెను. మేము ఆమె జబ్బ పట్టి లాగితిమి. ఎట్లు లాగితిమో మాకే తెలియదు. పిల్లకు దెబ్బ తగులలేదు గాని, మాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మావారు దీపముకడ కూర్చుండి పలకమీద వాలుతలము గీసిరి. 12 అడుగులకు 9 అంగుళముల దిగుడు, అనగా 16కు 1 వంతు. గేటు బరువు 300 కిలోలు. అందు 16వ వంతు, దాదాపు 19 కిలోల బలము, రేయింబవళ్లు దానిని క్రిందికి లాగుచునే యున్నది. మోటారు దానిని పట్టియుంచినదే గాని పోగొట్టలేదు. “పదునైదేండ్లుగా పిల్లలకు చెప్పు పాఠము మన వాకిట మఱచితిని. నీకైనను తోచలేదా?” అనిరి. మేము నిమ్మకాయ సంగతి చెప్పితిమి. వారు కొంతసేపు ఊరకుండి, “చెప్పవలసినది కదా” అనిరి. ఆ మాట నేటికిని ముల్లువలె గ్రుచ్చుచున్నది.

తరువాత వచ్చిన వేఱొక పనివాడు మోటారు మాటే యెత్తలేదు. ముందుగా రసమట్టము పెట్టి నేలను చూచెను. గేటును 6 అడుగులు లోనికి జరిపించి, అచట ఎగువవైపున నాలుగున్నర అంగుళములు త్రవ్వించి, దిగువవైపున అంతే యెత్తు కాంక్రీటు పోయించి, పట్టాను సమముగా పఱపించెను. వీధికిని గేటునకును నడుమనున్న స్థలములో ఆ హెచ్చుతగ్గులను కలిపివేసెను. ఇంటివైపునుండి దిగివచ్చు వాననీరు పట్టాలో మట్టి నింపకుండ ముందే ఒక అడ్డుకాలువ తీసి, ఇనుపజల్లెడ కప్పించెను. రెండు కొసలను కాంక్రీటులో నాటిన గట్టి అడ్డులు పెట్టించెను. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండ గేటునకు జస్తపు పూత వేయించెను. అంతయు అయిన పిదప మమ్ము పిలిచి, “అమ్మా, ఒక్కచేత నెట్టి చూడుడు” అనెను. గేటు కదలెను, విడిచినచోటనే నిలిచెను. “ఇప్పుడు మోటారు పెట్టవచ్చును” అనెను.

భాగవతమున జయవిజయులు సనకాదులను ద్వారముకడ అడ్డగించి శాపము పొందిరి. వివేకములేని ద్వారపాలకుడు ఇంటికి చేటు. కావున మా గేటునకు మోకాలియెత్తున ఎదురెదురుగా కాంతికన్నులు పెట్టించితిమి. వాని నడుమ ఎవరైన వచ్చినచో మూసికొనుచున్న గేటు నిలిచి వెనుదిరుగును. దేనికైన తగిలినను అట్లే చేయును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా పట్టణమును తాకినపుడు దినములతరబడి విద్యుత్తు లేకుండెను. అది తలచి బ్యాటరీయు పెట్టించితిమి. అదియు ఉడిగినచో వాడుటకై తాళపుచెవి యెచట నున్నదో అత్తగారితో సహా ఇంటిల్లిపాదికిని నేర్పితిమి.

మొదట మిగిల్చితిమనుకొన్న సొమ్ము రెండింతలై పోయినది. పోయిన సొమ్మునకు మాకు చింత లేదు. ఆ పిల్ల ఇప్పటికిని పాఠమునకు వచ్చుచున్నది. గేటు దాటునప్పుడెల్ల మా చేయి పట్టుకొనును.

సోదరీమణులారా! వాకిలి ఊడ్చునది మనము, ముగ్గు పెట్టునది మనము. మన నేల ఎటు వాలినదో మనకంటె ఎవరికి తెలియును? గేటు పెట్టించు నాడు ఒక నిమ్మకాయను వాకిట విడిచి చూడుడు. అది దొర్లినచో, ఎవరేమనుకొన్నను సరే, నోరు విప్పి చెప్పుడు.