ఏప్రిల్ మంచు

సియాటిల్‌లో చెర్రీ పూలు రాలిపోతున్నా, రైనియర్ కొండ మీది పారడైజ్‌లో ఇంకా నిండు చలికాలమే. 5,400 అడుగుల ఎత్తు మరి. 1971-72లో అక్కడ 1,122 అంగుళాల మంచు కురిసింది.

పొద్దున పైపొర గట్టిగా ఉంటుంది. స్నోషూల కింది ఇనుప పళ్లు కరకరమంటూ పట్టు దొరకబుచ్చుకుంటాయి. మధ్యాహ్నానికి అదే మంచు నానిన అటుకుల్లా అయిపోతుంది. స్నోషూలు విప్పామా, తొడదాకా దిగబడతాం. ఆ గోతులు రాత్రికి గడ్డకట్టి, మర్నాడు వచ్చేవాళ్ల మడమలు మెలిపెడతాయి. ఫర్ చెట్ల మొదళ్ల దగ్గర మంచు చదునుగానే కనిపిస్తుంది, లోపలంతా గుల్ల. ఫోటోల కోసం అక్కడ నిలబడొద్దంటే ఎవరూ వినరు.

ఎండ ముదిరాక ఏటవాలు కింద నడవడం నాకిష్టముండదు. తడిసి బరువెక్కిన మంచు జారడానికి పెద్ద కారణం అక్కర్లేదు. అందుకే పారడైజ్‌కి వెళ్లే దారిలోని లాంగ్‌మైర్ గేటు తీసే వేళకే చేరుకుని, పులిహోర పొట్లం పెందలాడే విప్పేసి వెనక్కి తిరుగుతాను. మావాళ్లు పిరికితనమంటారు. అననీ.